స్టెప్నీ లేని కారు: ఆ సీసా ఎంతవరకు ఆదుకుంటుంది?

కొత్త కారు డెలివరీ తీసుకునే రోజున డిక్కీలో మ్యాట్ ఎత్తి చూడాలని చాలామందికి తోచదు. కొన్ని నెలల తర్వాత పంచరు పడ్డప్పుడు ఎత్తుతారు. స్టెప్నీ ఉండాల్సిన చోట ఒక ట్రే, అందులో చిన్న కంప్రెసరు, తెల్లటి ద్రవం నింపిన సీసా కనిపిస్తాయి. చాలా మోడళ్లలో జాకీ, వీల్ స్పానర్ కూడా ఉండవు. అడిగితే షోరూమ్‌లో తరచుగా వచ్చే జవాబు: "ట్యూబ్‌లెస్ టైర్లండీ, స్టెప్నీతో పనిలేదు." అందులో సగమే నిజం. ఆ సీసా బాగుచేసేది ఒకే రకం దెబ్బను: టైరు నేలను తాకే భాగంలో మేకో స్క్రూనో దిగి చేసిన చిన్న రంధ్రాన్ని. టైరు పక్కభాగం కోసుకుపోయినా, గుంతలో పడి రిమ్ము వంగినా అది ఎందుకూ కొరగాదు. ఈ తేడా కొనేముందే తెలిసి ఉండాలి.

స్టెప్నీ ఇవ్వకపోవడం చట్టవిరుద్ధమేమో అని అనుమానపడేవాళ్లున్నారు. కాదు. కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ 2020 జూలైలో మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. అది 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. డ్రైవరు కాకుండా 8 సీట్ల వరకు, 3.5 టన్నుల బరువు దాటని ప్రయాణికుల వాహనాలకు అది వర్తిస్తుంది. టైర్లు ట్యూబ్‌లెస్ అయి, టైరులో గాలి తగ్గితే హెచ్చరించే టీపీఎంఎస్ వ్యవస్థ, రిపేరు కిట్ (పైన చెప్పిన కంప్రెసరు, సీసా) కూడా ఇస్తే స్టెప్నీ ఇవ్వనక్కర్లేదు. ఈ షరతులన్నీ కలిసి ఉండాలి. కిట్ ఒక్కటే పెట్టి టీపీఎంఎస్ లేకుండా అమ్మితే ఈ మినహాయింపు వర్తించదు.

స్టెప్నీ అనే మాటకే ఒక చరిత్ర ఉంది. తొలినాళ్ల కార్లకు అసలు అదనపు చక్రమే ఉండేది కాదు. పంచరు పడితే రోడ్డు పక్కన కూర్చుని టైరు ఊడదీసి, ట్యూబుకు ప్యాచ్ వేసుకోవాల్సిందే. 1904లో వేల్స్‌లోని లానెల్లి పట్టణంలో డేవీస్ సోదరులు ఊచల్లేని రిమ్ముకు గాలి నింపిన టైరు బిగించి అమ్మడం మొదలుపెట్టారు. పంచరైన చక్రం మీదే దాన్ని క్లాంపులతో బిగించి ఇంటికి చేరేవారు. వాళ్ల దుకాణం ఉన్న వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. బ్రిటన్‌లో ఆ మాట దాదాపు మరుగునపడింది. మన మెకానిక్కుల నోట మాత్రం నూరేళ్లు దాటినా నిలిచే ఉంది.

ఎందుకు తీసేస్తున్నారు?

మొదటి కారణం చోటు. ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీ నేలంతా పరుచుకుంటుంది. కొన్నింట్లో వెనక ఇరుసు దగ్గర మోటారు కూడా ఉంటుంది. ఇక స్టెప్నీ గుంతకు చోటెక్కడ? టియాగో ఈవీ, పంచ్ ఈవీ, ఎంజీ కామెట్ లాంటివి కిట్‌తోనే వచ్చాయి. సీఎన్‌జీ కార్లదీ అదే చిక్కు. 60 లీటర్ల సిలిండరు ఒక్కటి పెడితే డిక్కీ అంతా దానికే సరిపోతుంది. దాన్ని రెండు 30 లీటర్ల సిలిండర్లుగా విడగొట్టి అడుగున సర్దితే సామానుకు చోటు మిగులుతుంది. అప్పుడు స్టెప్నీ కారు అడుగుభాగానికైనా వేలాడాలి, లేదా పోవాలి.

రెండోది బరువు. చక్రం, జాకీ, పనిముట్లు కలిపి 15 నుంచి 20 కిలోలుంటాయి. కిట్ 2, 3 కిలోలకు మించదు. 1,200 కిలోల కారులో ఇది ఒకటిన్నర శాతం లోపే. నడిపేవాళ్లకు మైలేజీలో కలిసొచ్చేది మహా అయితే ఒక శాతం, అంటే లీటరుకు 20 కిలోమీటర్లిచ్చే కారులో 200 మీటర్లు. కంపెనీ లెక్క వేరు. అది అమ్మే కార్లన్నిటి సగటు కర్బన ఉద్గారాలు 2022–23 నుంచి కిలోమీటరుకు 113 గ్రాముల స్థాయిలో ఉండాలని కేఫ్ (సీఏఎఫ్ఈ) అనే ఇంధన పొదుపు నిబంధనలు చెబుతున్నాయి. అంతకుముందు అది 130. లక్షల కార్ల మీద లెక్కేస్తే ప్రతి గ్రామూ విలువైనదే. మూడోది ఖర్చు. రిమ్ము, టైరు, జాకీ కన్నా సీసా, కంప్రెసరు చాలా చౌక. ఆ మిగులు ధరలో తగ్గినట్టు కొనేవారికి కనిపించదు. నాకు అభ్యంతరం ఉన్నది ఇక్కడే. డిక్కీలో చోటున్న పెట్రోలు కారుకు కూడా స్టెప్నీ తీసేస్తే దానికి సాంకేతిక కారణమేమీ లేదు.

కిట్ వాడే పద్ధతి

సీసాలో ఉండేది రబ్బరు పాలు, గ్లైకాల్ కలిసిన సీలెంట్. సాధారణంగా 450 మిల్లీలీటర్ల వరకు ఉంటుంది. గాలితోపాటు టైరులోకి వెళ్లి, చక్రం తిరిగేటప్పుడు లోపలంతా పూసుకుంటుంది. రంధ్రంలోంచి గాలి తోసుకొచ్చేచోట గడ్డకట్టి మూసేస్తుంది. చాలా కిట్లకు హద్దు 4 నుంచి 6 మిల్లీమీటర్ల రంధ్రం, అదీ ట్రెడ్‌లోనే, అంటే టైరు నేలను తాకే భాగంలోనే. మీ కిట్ హద్దు దాని మీదే రాసి ఉంటుంది.

డ్యాష్‌బోర్డులో గుర్రపు నాడా ఆకారంలో ఉండి మధ్యలో ఆశ్చర్యార్థకం ఉన్న పసుపు దీపం వెలిగితే, మెల్లగా పక్కకు తీసి చదునైన చోట ఆపండి. హజార్డ్ లైట్లు వేసి, త్రికోణాన్ని వెనక దూరంగా పెట్టండి. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. గాలి పోయిన టైరు మీద "ఇంకో అర కిలోమీటరేగా" అని లాగించారంటే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య పక్కభాగం నలిగి, లోపలి రబ్బరు పొడిపొడి అవుతుంది. బయటికి మేకు రంధ్రం ఒక్కటే కనిపిస్తుంది, కానీ ఆ టైరు పని అయిపోయినట్టే. పక్కభాగంలో చుట్టూ నల్లటి చార పడితే అది దానికి గుర్తు.

మేకు కనిపిస్తే పీకవద్దు. సీలెంట్ వాడుతున్నప్పుడు మేకే సగం మూత. పీకితే రంధ్రం తెరుచుకుని ద్రవమంతా రోడ్డు పాలవుతుంది.

సీసాను బాగా ఊపి, కంప్రెసరు మీద ఉన్న గాడిలో బోర్లా బిగించండి. సీసాకున్న గొట్టాన్ని టైరు వాల్వ్‌కు తగిలించాలి. కొన్ని కిట్లలో ముందు వాల్వ్ లోపలి పిన్ను విప్పి, సీసా నొక్కుతూ ద్రవం ఎక్కించి, మళ్లీ పిన్ను బిగించి గాలి కొట్టాలి. ఆ పిన్ను మట్టిలో పడకుండా చూసుకోండి. ఇసుక రేణువు అంటుకున్నా అక్కడినుంచే గాలి పోతుంది. ఇంజను నడుస్తూ ఉండాలి, ఎలక్ట్రిక్ కారైతే రెడీ స్థితిలో ఉండాలి. కంప్రెసరు 12 వోల్టుల సాకెట్ నుంచి 10 ఆంపియర్లకు పైగానే లాగుతుంది. కనుక అదే సాకెట్‌కు స్ప్లిట్టర్ పెట్టి ఫోన్ ఛార్జర్లు తగిలించకండి, ఫ్యూజు పోతుంది. తలుపులు మూసిన గ్యారేజీలో పెట్రోలు, డీజిలు ఇంజను నడిపి ఈ పని చేయకూడదు.

స్విచ్ వేయగానే మీటరు ముల్లు 70, 80 పీఎస్ఐ దాకా ఎగబాకవచ్చు. అది టైరులోని గాలి కాదు, సీలెంట్ గొట్టంలోంచి దూరుతున్నప్పటి ఒత్తిడి. ఇది చూసి కంగారుపడి ఆపేసేవాళ్లు చాలామంది. అర నిమిషం, నిమిషంలో ముల్లు పడిపోయి, తర్వాత మెల్లగా పెరుగుతుంది. 7 నుంచి 10 నిమిషాల్లో కనీసం 26 పీఎస్ఐకి చేరాలి. అంతకుమించి ఆపకుండా నడిపితే కంప్రెసరు కాలిపోతుంది. చేరకపోతే గొట్టం విప్పి, కారును 10 మీటర్లు ముందుకు, వెనక్కు కదిపి, కంప్రెసరు చల్లారాక ఇంకోసారి ప్రయత్నించండి. అప్పటికీ చేరలేదంటే రంధ్రం పెద్దది లేదా పక్కభాగంలో ఉంది. ఆ టైరుతో ఇక కదలకూడదు.

గాలి నిలిచిందా, వెంటనే బయల్దేరండి. ఆలస్యమైతే ద్రవం టైరు అడుగున మడుగు కట్టి అక్కడే గడ్డకడుతుంది. 60 కిలోమీటర్ల వేగం మించకుండా 5 కిలోమీటర్లు పోయి, ఆగి, మళ్లీ కొలవండి. 19 పీఎస్ఐ కన్నా తక్కువుంటే ప్రయాణం అక్కడితో ఆపాలి. ఎక్కువుంటే డ్రైవరు తలుపు పక్కనున్న స్టిక్కరు మీది అంకె వరకు గాలి నింపి, 80 దాటకుండా దగ్గర్లోని టైర్ల షాపుకు పొండి. 200 కిలోమీటర్ల లోపు అక్కడికి చేరాలన్నది చాలా కిట్ల షరతు. స్టీరింగ్ కాస్త వణుకుతుంది. లోపల ద్రవం ఒకచోట చేరడం వల్ల బ్యాలెన్సు చెడి అలా జరుగుతుంది.

షాపులో టైరు విప్పకముందే "లోపల సీలెంట్ ఉంది" అని చెప్పాలి. చెప్పకపోతే విప్పే మనిషి మీదా మెషీను మీదా చిందుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు నీళ్లతో పోతుంది, ఎండితే పొరలా ఒలవాలి. రంధ్రం చుట్టూ లోపల పూర్తిగా శుభ్రం చేయకుండా వేసిన మష్రూమ్ ప్యాచ్ (పుట్టగొడుగు ఆకారంలో ఉండి లోపలినుంచి అతికించేది) అంటుకోదు. వాల్వ్ దగ్గరే టీపీఎంఎస్ సెన్సర్ ఉన్న కార్లలో దాని రంధ్రం పూడుకుపోతుంది, దాన్నీ తుడిపించాలి. ఒంటి మీద పడితే కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి. గ్లైకాల్ కడుపులోకి వెళితే విషం.

స్ట్రిప్ ముందు, సీసా తర్వాత

నా మాట అడిగితే, మామూలు మేకు పంచరుకు సీసా జోలికే పోవద్దు. మన పంచరు షాపుల్లో వాడే స్ట్రిప్ కిట్ 500 రూపాయల లోపు దొరుకుతుంది. పొర కాగితం తీసి వాడే జిగురు స్ట్రిప్పులు, ఆకురాయిలా గరుకుగా ఉండే ఒక సూది, కన్నమున్న ఇంకో సూది, రబ్బరు సొల్యూషన్. కారుతో వచ్చిన కంప్రెసరుతోనే గాలి కొట్టుకోవచ్చు. చాలా కిట్లలో సీసా లేకుండా వాడే గొట్టం కూడా ఉంటుంది, లేదా కంప్రెసరు మీదే మీట ఉంటుంది. అది ఎలా మార్చాలో ఇంట్లోనే ఒకసారి చేసి చూసుకోండి.

సబ్బు నీళ్లు పోస్తే బుడగలొచ్చే చోటే రంధ్రం. ముందు టైరైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ట్రెడ్ బయటికి కనిపిస్తుంది. రంధ్రం కిందికుంటే కారును అడుగు ముందుకు జరిపితే చాలు. ఇక్కడ మేకును కటింగ్ ప్లేయరుతో పీకాలి, కానీ అది దిగిన కోణం గుర్తుపెట్టుకోవాలి. గరుకు సూదిని అదే కోణంలో నాలుగైదుసార్లు దూర్చి తీయండి. స్ట్రిప్‌ను రెండో సూది కన్నంలో మధ్యకు ఎక్కించి, సొల్యూషన్ రాసి, టైరు రంధ్రంలోకి రెండు కొసలూ ఒక సెంటీమీటరు బయట మిగిలేదాకా నెట్టి, సూదిని తిప్పకుండా ఒక్కసారిగా లాగండి. బయటి కొసలు 3 మిల్లీమీటర్లు ఉంచి కోసేయాలి. ట్రెడ్‌కు మరీ సమంగా కోస్తే లోపలికి జారుతుంది. చాలామంది తప్పు చేసేది కోణం దగ్గర. మేకు ఏటవాలుగా దిగితే, నిటారుగా పొడిచిన సూది లోపలి తీగల మధ్య కొత్త దారి చేస్తుంది, పాత దారిలో గాలి పోతూనే ఉంటుంది.

స్ట్రిప్ వేసిన టైరుకు కూడా తర్వాత లోపలినుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించడం మంచిది. హైదరాబాద్ ఔటర్ మీద 120తో పోయేవాళ్లకు అది తప్పనిసరి అనే అంటాను.

కిట్ చేతులెత్తేసే చోటు

మన రోడ్ల మీద దెబ్బ మేకులతో ఆగదు. వానాకాలంలో నీళ్లు నిండిన గుంత, కంకర తేలిన అంచు, డివైడరు రాయి. ఇవి కొట్టేది టైరు పక్కభాగాన్ని. పెద్ద అల్లాయ్‌లకు వేసే సన్నటి ప్రొఫైల్ టైర్లలో పక్కభాగం ఎత్తు తక్కువ, గుంత దెబ్బను ఓర్చుకునే రబ్బరు తక్కువ. లోపలి దారాలు తెగి బుడిపె లేస్తుంది, లేదా చీరుకుపోతుంది. పక్కభాగం అడుగడుగుకూ వంగుతుంది కాబట్టి దానికి స్ట్రిప్ గానీ ప్యాచ్ గానీ నిలవవు. టైరు మార్చాల్సిందే.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే దారే తీసుకోండి. మన్ననూరు దాటితే నల్లమల. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు గేట్లు మూసేస్తారు. చాలా దూరం ఫోన్ సిగ్నల్ అందదు. సాయంత్రం 7 గంటలకు అక్కడ టైరు చీరితే స్టెప్నీ ఉన్నవాళ్లు అరగంటలో కదులుతారు. సీసా ఉన్నవాళ్లు వచ్చేపోయే బండిని ఆపి కబురు పంపాలి. విజయవాడ హైవే లాంటి జాతీయ రహదారుల మీదైతే 1033కు ఫోన్ చేయవచ్చు, గస్తీ బండి, క్రేను వస్తాయి. వాటి పని కారును దారికి అడ్డం తీయడం వరకే, టైరు తెచ్చివ్వడం కాదు.

ఇంకో ఇబ్బంది టైరు దొరకడం. 18, 19 అంగుళాల సైజులు, ఎలక్ట్రిక్ కార్ల ప్రత్యేక టైర్లు మార్కాపురంలోనో అచ్చంపేటలోనో ఆదివారం రాత్రి దొరకవు. కారు ఫ్లాట్‌బెడ్ మీద పెద్ద ఊరికి వెళ్లాలి. ఎలక్ట్రిక్ కారును తాడు కట్టి లాక్కుపోవడం కుదరదు. చక్రాలు తిరిగితే మోటారూ తిరిగి కరెంటు పుట్టి దెబ్బతింటుంది.

రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందిగా అంటారు. ఆ కాగితంలో "ఫ్లాట్ టైర్" అన్న చోట చదవండి. చాలావాటిలో దాని అర్థం, మెకానిక్ వచ్చి మీ కారులో ఉన్న స్టెప్నీ బిగించి పోతాడని. స్టెప్నీ లేకపోతే అది టోయింగ్ కిందికి మారుతుంది. అందులో ఉచిత దూరం ఎన్ని కిలోమీటర్లు, ఏడాదికి ఎన్నిసార్లు అన్న హద్దులుంటాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది కొత్త కాదు. అక్కడి వాహనదారుల సంఘం ఏఏఏ లెక్క ప్రకారం 2006 మోడల్ కార్లలో 5 శాతానికే స్టెప్నీ లేదు, 2015 మోడళ్లకు వచ్చేసరికి 36 శాతానికి లేదు. అద్దె కారు తీసుకునేటప్పుడు డిక్కీ తెరిచి చూడటం అక్కడా అవసరమే.

మిగతా దారులు

రన్‌ఫ్లాట్ టైర్లు కొన్ని ఖరీదైన కార్లకు వస్తాయి. పక్కభాగం గట్టిగా ఉండటంతో గాలి పూర్తిగా పోయినా 80 కిలోమీటర్ల వేగంతో సుమారు 80 కిలోమీటర్లు నడుస్తాయి. ధర ఎక్కువ, గతుకులు నడుముకు తెలుస్తాయి, గాలి లేకుండా నడిపాక చాలావరకు పారేయాల్సిందే. స్పేస్ సేవర్ అంటే సన్నటి తాత్కాలిక చక్రం. దానికి 60 పీఎస్ఐ గాలి ఉండాలి, 80 వేగం దాటకూడదు. ముందు చక్రాలు లాగే కారులో ముందు టైరు పోతే, వెనకనుంచి మంచి చక్రం ముందుకు మార్చి, సన్నటిదాన్ని వెనక బిగించడం సరైన పద్ధతి. రెండు చక్రాలకూ ఇంజను శక్తిని పంచే డిఫరెన్షియల్ మీద భారం పడదు, బ్రేకు, స్టీరింగ్ పట్టూ తగ్గదు.

సొంతంగా స్టెప్నీ కొనుక్కోవచ్చు. ఊళ్లో తిరిగేటప్పుడు ఇంట్లో ఉంచి, దూరం పోయేటప్పుడు డిక్కీలో వేసుకోవచ్చు. బోల్టుల సంఖ్య, వాటి వలయం కొలత, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి కూర్చుంటుందో చెప్పే కొలత) నాలుగూ కలవాలి. చిన్న స్టీలు రిమ్ము అయితే బ్రేకు క్యాలిపర్‌కు తగులుతుందేమో బిగించి తిప్పి చూడాలి. అల్లాయ్ నట్ల కొస గుండ్రంగా, స్టీలు రిమ్ముది కోసుగా ఉంటే నట్లు కూడా వేరే కొనాలి. 18 కిలోల చక్రాన్ని డిక్కీలో ఊరికే పడేయకూడదు. గట్టిగా బ్రేకు వేస్తే వెనక సీటును గుద్దుతుంది. హుక్కులకు పట్టీతో బిగించండి. జాకీ కూడా కొనాలి. ఎలక్ట్రిక్ కారులో జాకీ పెట్టేచోటు తప్పితే నేరుగా బ్యాటరీ పెట్టె నొక్కుకుపోతుంది. గుర్తు వేసి ఉన్న అంచులోనే పెట్టాలి. చాలా కార్లకు నట్ల బిగువు 100 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య. 50 కిలోమీటర్లు నడిచాక మరోసారి బిగించి చూడాలి.

బుకింగ్‌కు ముందు అడగాల్సింది: మీరు తీసుకునే వేరియంట్‌లో ఏమిస్తున్నారు? ఒకే మోడల్‌లో పెట్రోలుకు స్టెప్నీ, సీఎన్‌జీకి కిట్ ఉండవచ్చు. డబ్బు కట్టి అదనంగా తీసుకునే వీలుందా? డిక్కీ కింద దానికి గుంత ఉందా?

డెలివరీ రోజున సీసా మీద గడువు తేదీ చూడండి. సాధారణంగా తయారైన నాలుగేళ్ల దాకా ఉంటుంది, షోరూమ్ యార్డులో నిలిచిన నెలలు అందులోంచే పోతాయి. గడువు దాటిన రబ్బరు పాలు సీసాలోనే గడ్డకడతాయి, మండుటెండలో నిలబెట్టే కార్లలో ఇంకాస్త ముందే. ఒక్కసారి వాడితే సీసా అయిపోయినట్టే, కొత్తది కొనాలి. ఆ తేదీని పొల్యూషన్ సర్టిఫికెట్, బీమా తేదీల పక్కనే ఫోన్‌లో రాసి పెట్టుకోండి.